కొత్తగా చేరిన వాళ్ళకు పిల్లల రక్షణ ఎలా నేర్పుతాం

జూన్ మొదటి వారంలో మా బడి ఆఫీసు ముందు కుర్చీలు సరిపోవు. కొత్త టీచర్లు, ఇద్దరు ముగ్గురు ఆయమ్మలు, బస్సు డ్రైవర్లు, ఒక పీఈటీ సారు. 12వ తేదీన బడి తెరిచేలోపు అందరి కాగితాలూ పూర్తి కావాలి. నాలుగేళ్ళ కింద అలాంటి ఒక పొద్దున, కొత్త ఆయమ్మ ముందు మా క్లర్కు 11 పేజీల కాగితం పెట్టి, సంతకం ఎక్కడో వేలితో చూపించాడు. ఆమె పెట్టింది. ఆ 11 పేజీలూ ఇంగ్లీషులో ఉన్నాయి. మా బడి పిల్లల రక్షణ విధానం అది. ఆమెకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. మరుసటి వారం నుంచి నర్సరీ పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్ళాల్సింది ఆమే.

అప్పటినుంచి మా దగ్గర సంతకం అన్నిటికంటే చివర పెట్టిస్తున్నాం. ముందు కూర్చోబెట్టి మాట్లాడతాం. అంతకంటే ముఖ్యంగా వాళ్ళ చేత మాట్లాడిస్తాం. ఎలాగో వివరంగా రాస్తాను. మీ బడి చిన్నదైనా, హాస్టలైనా, ట్యూషన్ సెంటరైనా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో వైస్ ప్రిన్సిపాల్‌ని. బయాలజీ చెబుతాను. పిల్లల రక్షణ బాధ్యత నాకు అప్పగించి తొమ్మిదేళ్ళయింది. అంతకు ముందు జరిగిన ఒక సంగతి చెప్పకుండా మిగతాది చెప్పలేను.

2011లో వేరే ఊళ్ళో, వేరే బడిలో పనిచేసేదాన్ని. నాలుగో తరగతి పిల్ల ఒకామె అన్నం గంట కొట్టాక వచ్చి నా కొంగు పట్టుకుంది. "టీచర్, నేను బస్సులో ముందు సీట్లో కూసోను" అంది. ఎందుకమ్మా అన్నాను. "ఆ అన్న మంచోడు కాదు" అంది. అర్థం కాలేదని అనలేను. అర్థమైంది, కడుపులో తిప్పినట్టయింది. కానీ నోటికి మాట రాలేదు. చివరికి వచ్చిన మాట ఇది: "సరేలే, వెనక సీటు ఇప్పిస్తా. నువ్వు మాత్రం ఎవరితో అనకు." సీటు ఇప్పించాను. హెడ్మాస్టరు గారికి రెండు రోజులాగి చెబుదాం అనుకున్నాను. ఈలోగా దసరా సెలవులు వచ్చాయి. సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు. టీసీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఎవరితో అనకు అని ఆ పిల్లకు చెప్పిన మనిషిని నేనే. నాకు ఆ పిల్లంటే ఇష్టం, డిగ్రీలు ఉన్నాయి, ఎనిమిదేళ్ళ అనుభవం ఉంది. నోటికి అలవాటైన నాలుగు మాటలు లేవు. అందుకే నా శిక్షణలో సగం ఆ నాలుగు మాటల సాధనే.

చేరకముందు

ఇంటర్వ్యూలో డెమో క్లాసు, జీతం మాటలు అయ్యాక అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతాం, డ్రైవరైనా సరే, లెక్కల సారైనా సరే. "ఒక పిల్ల వచ్చి, ఫలానా ఆయన నాతో చెడ్డగా ఉంటున్నాడు, మీరెవరికీ చెప్పొద్దు అంటే ఏం చేస్తారు?" సరైన జవాబు ఎవరికీ రాదు, రావాలని కూడా ఆశించం. మొదటి మాట ఏదో వింటాం. "అయ్యో, ముందు పిల్లను కూర్చోబెట్టి వింటానండి" అన్నవాళ్ళకు మిగతాది నేర్పొచ్చు. "ఈ కాలం పిల్లలు అబద్ధాలు బాగా చెబుతారండి" అని మొదలుపెట్టినవాళ్ళ పేరు పక్కన గుర్తు పెట్టుకుంటాను.

పాత బడి ఇచ్చే సర్టిఫికెట్‌లో ప్రవర్తన సంతృప్తికరం అని అందరికీ రాసిస్తారు. అందుకే ఫోన్ చేయాలి. అభ్యర్థి ఇచ్చిన సెల్ నంబరుకు కాదు, ఆ బడి ఆఫీసు నంబరు మనమే వెతికి దానికి చేయాలి. రెండు ప్రశ్నలు చాలు: ఎందుకు మానేశారు? మళ్ళీ వస్తానంటే తీసుకుంటారా? రెండో ప్రశ్న దగ్గర అవతలివాళ్ళు కాసేపు తటపటాయిస్తే, ఆ తటపటాయింపును కూడా తేదీ వేసి రాసుకోండి.

పోలీసు వెరిఫికేషన్ మన ఇష్టాయిష్టాల మీద లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల్లో మూడో నిబంధన ప్రకారం, పిల్లలతో రోజూ మసిలే ఏ సంస్థ అయినా తన సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. బోధనేతర సిబ్బంది, కాంట్రాక్టు వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఒకసారి చేసి వదిలేయడం కుదరదు, ఎప్పటికప్పుడు చేయించాలి. సిబ్బందికి తరచూ శిక్షణ ఇవ్వాలన్నదీ అదే నిబంధనలో ఉంది. అయితే వెరిఫికేషన్ కాగితం చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ మనిషి మీద పోలీసు రికార్డులో ఏమీ లేదన్నంతవరకే అది చెబుతుంది.

మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒక్కరోజు మనుషులు. "ఈ రోజు నాకు జ్వరం మేడం, మా తమ్ముడు బండి తోలుతాడు" అని డ్రైవరు ఫోన్ చేస్తాడు. వార్షికోత్సవానికి డ్యాన్సు మాస్టారు తన వెంట ఇద్దరు కుర్రాళ్ళను తెస్తాడు. మా నియమం ఒకటే: రిజిస్టరులో పేరు లేని మనిషి బస్సు తోలడు, పిల్లలతో ఒంటరిగా ఉండడు. ఆ రోజు బస్సు ఆలస్యమైతే తల్లిదండ్రులకు మెసేజ్ పెడతాం, తిట్లు తింటాం.

మొదటి రోజు 40 నిమిషాలు

క్లాసులో అడుగు పెట్టకముందే, బస్సు తాళం చేతికి తీసుకోకముందే, ఈ 40 నిమిషాలు కావాలి. బయాలజీ ల్యాబులో పెడతాను, అక్కడ ఎవరూ మధ్యలో రారు. ఒక్కసారికి ఆరుగురిని మించి కూర్చోబెట్టను. అంతకంటే ఎక్కువైతే వెనక వరుస వాళ్ళు నోరు విప్పరు.

ముందుగా ఐడీ కార్డు తిప్పి చూడమంటాను. వెనకవైపు తెలుగులో పెద్ద అక్షరాలతో నాలుగు గీతలు ఉంటాయి: నా పేరు, నంబరు. ప్రైమరీలో ఇంకో టీచరు పేరు, నంబరు. పిల్లల సహాయవాణి 1098. అత్యవసర నంబరు 112. రెండో పేరు ఎందుకో చెబుతాను. "రేపు ఒక పిల్ల నా గురించే చెప్పొచ్చు. అప్పుడు నా దగ్గరికి రాకండి, ఈవిడ దగ్గరికి వెళ్ళండి. మా ఇద్దరి మీదా నమ్మకం లేకపోతే, లేదా యాజమాన్యంలో ఎవరి గురించో అయితే, నేరుగా 1098కి ఫోన్ చేయండి, పోలీసులకు చెప్పండి. మీ ఉద్యోగం పోదు." ఈ మాట చెప్పేటప్పుడు గదిలో ముఖాలు మారతాయి. పై అధికారి తన మీద ఫిర్యాదుకు దారి తనే చూపించడం చాలామంది అంతకుముందు చూసి ఉండరు. ఆ మాట చెప్పాక కానీ మిగతా మాటలు వాళ్ళ చెవికెక్కవు.

తర్వాత సాధన. ఎల్‌కేజీ నుంచి తెచ్చిన చిన్న కుర్చీలో నేను కూర్చుంటాను. నేనే పిల్లను. ఒక్కొక్కరూ ఎదురుగా వచ్చి కూర్చోవాలి. నేను తల వంచుకుని, ఏదో నసిగి, సగం చెప్పి ఆపేస్తాను. ఎదుటివాళ్ళు ఏమంటారో చూడాలి. పదిమందిలో ఎనిమిది మంది గట్టిగా "అయ్యో! ఎవడు వాడు?" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ గొంతు విని పిల్ల బెదిరిపోతుంది, తనవల్ల ఏదో ఘోరం జరిగిందనుకుని నోరు మూసుకుంటుంది. అందుకని నెమ్మదిగా, మామూలు గొంతుతో, ఈ మాటలు పలికిస్తాను:

"నాకు చెప్పావు, మంచి పని చేశావు."
"ఇందులో నీ తప్పేమీ లేదు."
"నీకు సాయం చేసేవాళ్ళకు నేను చెప్పాలి. ఎవరికి చెబుతానో నీకు ముందే చెబుతా."
"ఇంకేమైనా చెప్పాలనుందా?"

ఈ నాలుగూ కాగితం మీద చదివితే ఒక నిమిషం పట్టదు. ఎదుట తల వంచుకున్న మనిషిని పెట్టుకుని పలకాలంటే పెద్దపెద్ద వాళ్ళకే గొంతు పట్టేస్తుంది. పదిహేనేళ్ళ అనుభవమున్న ఒక సోషల్ సారు మూడోసారికి కూడా "నీ తప్పేమీ లేదు" అనలేకపోయారు. నాలుగోసారి అన్నాక ఆయన లేచి కాసేపు బయట నిలబడి వచ్చారు. ఎందుకని నేను అడగలేదు. మీరూ ఎవరినీ అడగొద్దు. శిక్షణకు వచ్చిన పెద్దల్లో కూడా ఒకప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోయిన పిల్లలు ఉంటారు. అందుకే మొదట్లోనే, ఎవరికైనా కష్టంగా ఉంటే లేచి వెళ్ళొచ్చు, కారణం చెప్పక్కర్లేదు అని చెప్పేస్తాను.

పిల్లలు ఒట్టు అడుగుతారు. ఇది మన దగ్గర తప్పకుండా వచ్చే మాట, దీన్ని విడిగా సాధన చేయించండి. "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి టీచర్" అంటూ మన చెయ్యి లాగి నెత్తిన పెట్టుకుంటారు. ఆ క్షణంలో ఒట్టు వేసేయాలనిపిస్తుంది, వేస్తేనే పిల్ల మిగతాది చెబుతుందనిపిస్తుంది. వేయకూడదు. వేసి తప్పితే ఆ పిల్ల ఇంకే పెద్దమనిషినీ నమ్మదు. వేసి నిలబెట్టుకుంటే పిల్లను మళ్ళీ అదే మనిషి చేతుల్లోకి పంపినట్టే. మేము నేర్పే జవాబు: "ఒట్టు వేయను నాన్నా. నిన్ను బాగా చూసుకోవాలంటే ఒకరిద్దరికి చెప్పాలి. క్లాసులో ఎవరికీ తెలియనివ్వను." చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, పిల్ల పక్కనే కూర్చోవాలి.

అడగకూడనివి కూడా నోటితో చెప్పిస్తాను. ముందే ఎందుకు చెప్పలేదు, నిజమేనా, నువ్వేం చేశావు, ఇవి నింద మోపే ప్రశ్నలు. "అక్కడ ముట్టుకున్నాడా" లాంటివి మన మాటను పిల్ల నోట్లో పెట్టే ప్రశ్నలు. రేపు కోర్టులో, టీచరే నేర్పించింది అని అవతలి వకీలు అనడానికి వీలిస్తాయి. "తర్వాత?" అని ఊరుకోండి. పిల్ల ఆగిపోతే మీరూ ఆగిపోండి. వివరాలు రాబట్టడం మన పని కాదు, దానికి వేరే మనుషులు ఉన్నారు.

ఇంకో పెద్ద తప్పు చాలా బడుల్లో జరుగుతుంది. పిల్ల టీచరుకు చెబుతుంది, టీచరు చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గదికి తీసుకెళ్తుంది, అక్కడ మళ్ళీ చెప్పమంటారు. తర్వాత కరస్పాండెంటు వస్తారు, మళ్ళీ చెప్పమంటారు. మూడోసారికి పిల్ల "ఏం లేదు" అంటుంది. పిల్ల మా బడిలో ఒక్కసారే చెప్పాలి. ఆ తర్వాత నడిచేది కాగితం.

రాయడం

విన్న గంటలోపు రాయాలి. తేదీ, టైము, ఎక్కడ, ఎవరు చెప్పారు, ఏ మాటలతో చెప్పారు. మన టీచర్లకు ఇక్కడ ఒక అలవాటు అడ్డం వస్తుంది. పిల్ల "గిచ్చిండు" అంటే కాగితం మీదికి వచ్చేసరికి అది "అసభ్యంగా ప్రవర్తించినట్లు తెలిసినది" అవుతుంది. ఎక్కడ గిచ్చాడో, అసలు గిచ్చాడో లేదో ఆ వాక్యం వల్ల ఎవరికీ తెలియదు. పిల్ల ఏ మాట అంటే ఆ మాటే, ఆ యాసలోనే రాయాలి. సిగ్గనిపించినా రాయాలి. దాన్ని కూడా సాధన చేయిస్తాను: నేను ఒక పిల్లలా నాలుగు వాక్యాలు చెబుతాను, అందరూ రాస్తారు, గట్టిగా చదువుతారు. మాట మారినచోట ఎర్ర పెన్నుతో గీత.

మా వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు చాలామంది. వాళ్ళు ఏడ్చేటప్పుడు తెలుగు మర్చిపోయి లంబాడీలో మాట్లాడతారు. ఆ భాష వచ్చిన టీచరు మా బడిలో ఒక్కరే, ఆయమ్మలు ముగ్గురు. కాబట్టి పిల్ల మనసు విప్పేది చాలాసార్లు ఆయమ్మ దగ్గరే. ఆయమ్మకు రాయడం రాకపోతే, ఆమె పలికింది పలికినట్టు మేము రాస్తాం.

చట్టం గురించి

సెక్షన్లన్నీ చదివి వినిపిస్తే నిద్రపోతారు. నేను చెప్పేది మూడు నాలుగు మాటలే, కానీ వాటి మీద ఎక్కువసేపు నిలబడతాను.

2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టంలో, 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే, ఆడైనా మగైనా. 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. టీచరు, వాచ్‌మన్ అని తేడా లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. మా కరస్పాండెంటు గారు ఈ సమావేశానికి వచ్చినప్పుడు ఈ చివరి వాక్యాన్ని ఆయన ముందే చదువుతాను.

ఇక్కడ ప్రతి ఏడూ అవే మాటలు వస్తాయి. "ముందు మనం లోపల విచారణ చేసుకుని, నిజమైతే అప్పుడు పోలీసులకు..." లేదు. నిజమా కాదా తేల్చమని చట్టం మనకు చెప్పలేదు. మనం విచారణ పేరుతో నాలుగు రోజులు తీసుకుంటే, ఆ నాలుగు రోజుల్లో పిల్లను బెదిరించడానికి, డబ్బు మాట్లాడడానికి, పెద్దమనుషుల్లో పెట్టడానికి అవతలివాళ్ళకు టైము దొరుకుతుంది. "తప్పుగా చెప్పామని మన మీద కేసు పెడితే?" మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద ఏ చర్యా ఉండదని అదే 19వ సెక్షన్‌లో రాసుంది. "పిల్ల భవిష్యత్తు, పెళ్ళి..." పిల్ల పేరు, ఊరు, బడి బయటపెట్టడం కూడా నేరమే. మనం నోరు అదుపులో పెట్టుకుంటే పిల్ల భవిష్యత్తుకు మనవైపు నుంచి ఢోకా లేదు. 2022 నవంబరులో మహారాష్ట్రలోని ఒక గిరిజన హాస్టల్ కేసులో సుప్రీంకోర్టు, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరస్థుణ్ణి కాపాడడానికేననీ చెప్పింది. ఆ కేసులో చెప్పలేదని ఆరోపణ వచ్చింది వైద్యం చేసిన డాక్టరు మీద.

పోలీసులకు చెప్పాక ఏం జరుగుతుందో చెబితే సగం భయం పోతుంది. పిల్ల స్టేషన్‌కు వెళ్ళాల్సిన పని లేదు. ఇంటి దగ్గరో, పిల్ల కోరుకున్న చోటో వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాంలో రాకూడదు. 24 గంటల్లోపు పోలీసులు బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. తెలంగాణలో 2016లో హైదరాబాదులో మొదలైన భరోసా కేంద్రం తరహాలో పోలీసు, వైద్యం, న్యాయసాయం ఒకే కప్పు కింద దొరికే ఏర్పాట్లు వచ్చాయి. మీ జిల్లాలో అలాంటిది ఎక్కడుందో, జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసు ఎక్కడుందో జూన్‌లోనే ఒకసారి వెళ్ళి చూసి రండి. అవసరం పడ్డరోజు అడ్రసు వెతుక్కోకూడదు.

ఒక్క జాగ్రత్త. ఇంట్లోవాళ్ళ గురించే పిల్ల చెబితే, అలవాటు కొద్దీ ముందు ఇంటికి ఫోన్ చేయకండి. నేరుగా 1098కి లేదా పోలీసులకు చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేయండి.

మగపిల్లల విషయం విడిగా చెబుతాను, లేకపోతే ఎవరికీ తట్టదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం మంది చెప్పారు. వాళ్ళలో సగానికి పైగా మగపిల్లలు. వేధించినవాళ్ళలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు.

కొట్టడం

అన్నిటికంటే కష్టమైన సమావేశం ఇదే. దీన్ని మొదటి రోజు పెట్టను, మొదటి శనివారం పెడతాను. పోక్సో దగ్గర తలలూపిన వాళ్ళే ఇక్కడ ఎదురు తిరుగుతారు. "దండం దశగుణం భవేత్ అన్నారు మేడం." "మొక్కై వంగనిది మానై వంగునా?" "మా సారు కొట్టబట్టే నేను ఇంతవాణ్ణయ్యాను."

నేను వాదించను. చిన్నప్పుడు తిన్న శిక్ష ఒకటి చెప్పమంటాను. గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి నొక్కడం, కోదండం వేయడం. బోర్డు నిండిపోతుంది. తర్వాత, ఆ సారుకు మీ ఇంటి కష్టం ఏదైనా చెప్పుకోగలిగేవారా అని అడుగుతాను. చెప్పుకునేవాణ్ణి అన్నవాళ్ళు ఇప్పటివరకు ఇద్దరే. పిల్లల రక్షణకూ బెత్తానికీ ఉన్న సంబంధం అక్కడ అర్థమవుతుంది. లెక్క తప్పితేనే కొట్టే మనిషి దగ్గరికి, అంత పెద్ద విషయం మోసుకుని పిల్ల ఎందుకు వస్తుంది?

చట్టం ఇక్కడ కూడా స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక హింసనూ రెండింటినీ నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసే మనిషి పిల్లల్ని హింసిస్తే అయిదేళ్ళ దాకా కఠిన జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. అందరి ముందూ కులం పేరో, తండ్రి తాగుడో, ఒంటి రంగో ఎత్తి మాట్లాడడం కూడా హింసే. కొట్టకుండా క్లాసు ఎలా నడపాలన్నది వేరే పాఠం. మా దగ్గర కొత్తవాళ్ళను నెల రోజులు ఒక నెమ్మదైన సీనియరు క్లాసులో వెనక బెంచీలో కూర్చోబెడతాం. నేను చెప్పేదానికంటే అక్కడ చూసి నేర్చుకునేది ఎక్కువ.

డ్రైవర్లు, ఆయమ్మలు, వాచ్‌మన్లు

2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ళ పాప విషయంలో అరెస్టయిన మనిషి డ్రైవరు. మరుసటి ఏడాది కోర్టు అతనికి 20 ఏళ్ళ శిక్ష వేసింది. టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చి పని అయిపోయిందనుకునే బడులు ఇప్పటికీ ఉన్నాయి. నాకు అది అర్థం కాదు.

వీళ్ళకు సాయంత్రం సమావేశం పెడితే రారు, వచ్చినా ఇంటి ధ్యాసే. మా బస్సులు పొద్దున ట్రిప్పు ముగించి తొమ్మిదిన్నరకల్లా నిలబడతాయి. టీ తాగేశాక పదింటికి పెడతాను. స్లైడులు ఉండవు. వరండాలో గుండ్రంగా కూర్చుంటాం. అన్నా, అక్కా అనే పిలుస్తాను, తెలుగులోనే మాట్లాడతాం, రాత పరీక్ష ఉండదు. వాళ్ళు అనుమానితులు కారని, కాపలాదారులని మొదటే చెబుతాను. నిజం కూడా అదే. ఏ పిల్ల ఈ వారం బస్సు దిగనని మారాం చేసింది, ఏ బాబును తీసుకెళ్ళడానికి కొత్త మనిషి వచ్చాడు, బాత్రూము దగ్గర పెద్ద పిల్లలు చిన్నవాళ్ళను ఎక్కడ ఆపుతున్నారు, ఇవి నాకు తెలియవు, వాళ్ళకు తెలుసు.

బస్సులో నియమాలు: డ్రైవరు పక్క సీట్లో పిల్లలు కూర్చోరు. చివరి స్టాపు పిల్ల దిగేదాకా ఆయమ్మ దిగదు. బస్సు షెడ్డుకు పోయేముందు వెనక సీటు దాకా నడిచి చూడాలి. ఆయమ్మ రాని రోజు ఒక టీచరు వెళ్ళాలి. ఈ చివరిదానికి స్టాఫ్‌రూములో సణుగుడు తప్పదు, అయినా వెళ్ళాలి.

అందరికీ వర్తించే మిగతావి వేగంగా చెప్పేస్తాను. ఒంటరిగా పిల్లతో మాట్లాడాల్సి వస్తే తలుపు తెరిచి ఉండాలి. పిల్లల సొంత నంబర్లకు వాట్సాప్ మెసేజ్‌లు పెట్టొద్దు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే. పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టొద్దు. ఒక్క పిల్లకే చాక్లెట్లు, ఒక్క పిల్లాడికే బండి మీద లిఫ్టు వద్దు. చిన్నపిల్ల బట్టలు మార్చాల్సి వస్తే పిల్లకు చెప్పి, ఇంకో ఆయమ్మను పిలిచి మార్చాలి. ప్రతి ఏడూ పీఈటీ సారు ఒకరు అడుగుతారు: "మరి పిల్ల పడిపోతే లేపొద్దా మేడం?" లేపండి. అందరూ చూస్తుండగా, పిల్లకు చెప్పి, అవసరమైనంతే పట్టుకుని లేపండి. భయపడి పిల్లల్ని దూరం పెట్టే మాస్టారు కూడా మాకు వద్దు.

ఆ తర్వాత

మొదటి రోజు నేర్పింది మూడు వారాలకు మసకబారుతుంది. అందుకే జూలై మొదటి వారంలో వరండాలోనో, మెట్ల దగ్గరో ఆపి, కార్డు తిప్పకుండా చెప్పమంటాను. ఒట్టు అడిగితే ఏమంటావక్కా? పిల్ల నా గురించే చెబితే ఎవరి దగ్గరికి పోతావన్నా? తడబడితే మళ్ళీ ఒక 15 నిమిషాలు. దసరా, సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి వారం అందర్నీ మరోసారి కూర్చోబెడతాం. సెలవుల్లో చుట్టాలిళ్ళలో జరిగినవి పిల్లలు అప్పుడు మోసుకొస్తారు. లక్షణాల పట్టిక ఇమ్మని అడుగుతారు కానీ నేను పట్టిక ఇవ్వను. మాట్లాడే పిల్ల మూగపోయినా, నెమ్మదైన పిల్లాడు తన్నులాటలకు దిగినా, అన్నం ముట్టకపోయినా, మార్పు కనిపిస్తే చాలు, వచ్చి చెప్పమంటాను.

చెప్పడానికి ఒక పుస్తకం ఉంది. నా బీరువాలో తాళం వేసి ఉంటుంది. నేరం అనలేని, కానీ మనసును తొలిచే చిన్నచిన్న విషయాలు అందులో రాస్తాం. ఫలానా సారు ఏడో తరగతి అబ్బాయిని రోజూ ఆలస్యంగా ఉంచుతున్నారు, అంతే. ఒక్కసారి రాసినందుకు ఎవరూ దోషి కారు. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే పేరు మీద మూడుసార్లు రాశారంటే నేను కూర్చోబెట్టి మాట్లాడాల్సిన పని ఉంది. నేరమని అనుమానం వచ్చినదేదీ ఈ పుస్తకంలో ఆగదు, అది ఆ రోజే పోలీసులకు వెళ్తుంది.

ఏడాది మధ్యలో, ప్రసూతి సెలవు మీద వెళ్ళిన టీచరు బదులు వచ్చేవాళ్ళకు కూడా ఆ 40 నిమిషాలు తప్పవు. మొదటి పీరియడుకు టీచరు లేక క్లాసు గోలగా ఉన్నా సరే, నేనే వెళ్ళి క్లాసులో నిలబడతాను, ఆ రెండో పేరు టీచరు వాళ్ళను ల్యాబుకు తీసుకెళ్తుంది.

మొన్న దసరా సెలవుల తర్వాత ఒక ఉదయం, నేను మొదట్లో చెప్పిన ఆ ఆయమ్మ ల్యాబు గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో కార్డు ఉంది. ఒక పిల్ల తనకు లంబాడీలో చెప్పిన మాటలు దారి పొడుగునా మననం చేసుకుంటూ వచ్చింది. "ఒట్టు అడిగింది మేడం, వెయ్యలే. మీకు చెప్తనని చెప్పి వచ్చిన" అంది. ఆ పిల్ల గురించి ఇంతకంటే రాయను. ఆయమ్మ ముందు ఆ భాషలో పలికింది, తర్వాత తెలుగులో చెప్పింది, నేను రాశాను. మధ్యాహ్నంలోపు పోలీసులకు తెలియజేశాం. రాసింది ఆమె రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి ఒక మాట దగ్గర ఆపి, "పిల్ల అట్ల అనలేదు" అంది. కొట్టేసి ఆమె చెప్పినట్టు రాశాను. అప్పుడు సంతకం పెట్టింది.